చెవి మడిచిన చీటీ

ఆ పెద్దాసుపత్రిలో కుళాయి కారినా, లిఫ్టు మొరాయించినా, ఆపరేషన్ గదిలో దీపం మిణుకుమిణుకుమన్నా కబురు ముందుగా చేరేది నేలమాళిగలోని మరమ్మతుల ఆఫీసుకే. అక్కడ ఇరవై మూడేళ్ళుగా ఒకే కుర్చీలో కూర్చుని పని చీటీలు రాసే గుమాస్తా ఒకామె ఉండేది. అసలు పేరు జీతాల పట్టికలో తప్ప ఎక్కడా వినిపించేది కాదు. డాక్టర్లతో సహా అందరికీ ఆమె చీటీలక్కే.

చీటీ అంటే పసుపుపచ్చ కాగితం. ఏ యంత్రం, దానికేం జబ్బు, ఎవరు వెళ్తున్నారు, పని ఎప్పుడు పూర్తయింది, కింద ఫిట్టరు సంతకం. అంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా ఆఫీసు పెట్టిన నియమంతోనే వచ్చింది. మూడు రోజుల్లో సంతకం పడని చీటీకి ఫిట్టరు సంజాయిషీ రాసుకోవాలి. సామాను అడిగితే నెలకు గానీ రాదు, సంతకం మాత్రం మూడో రోజుకి పడాలి. ఈ నియమం పెట్టిన మహానుభావుడెవరో గానీ జన్మలో స్పానరు పట్టి ఉండడు.

అందుకని ఫిట్టర్లు తమదైన దారి ఒకటి కనిపెట్టుకున్నారు. వైరుతో కట్టో, గుడ్డ చుట్టో పని ఇప్పటికి నడిచేలా చేసి, చీటీ మీద 'పూర్తయింది' అని రాసి సంతకం పెట్టేవారు. పెట్టి, కాగితం కుడివైపు పై మూలను చిటికెన వేలి గోరంత మడిచేవారు. ఆ మడతకి 'చెవి' అని పేరు. నా సంతకం నమ్మకు, ఇది అతుకు మాత్రమే, మళ్ళీ వచ్చి చూడాలి అని దాని అర్థం. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఎక్కడా రాసి లేదు, ఏ మేనేజరుకీ ఎవరూ చెప్పలేదు. రోజూ పొద్దున్నే చీటీలక్క ఫైళ్ళ మీద వేలితో నిమురుతూ చెవులున్న చీటీలు పైకి లాగి, ఎవరికి ఏం చెప్పాలో వాళ్ళకి నోటిమాటగా చెప్పేసేది. "నాలుగో అంతస్తు ఫ్యాను కింద మంచం వేయకండమ్మా." "ఆ తలుపు గట్టిగా లాగకండి బాబూ." ఆసుపత్రి సగం ఆమె నోటిమీదే నడిచిందంటే అబద్ధం కాదు.

ఈ గొడవ జరగడానికి తొమ్మిది రోజుల ముందు అలాంటి చెవి ఒకటి రెండో బాయిలర్ చీటీకి వచ్చింది.

రెండో బాయిలర్ ఆవిరి వెళ్ళేది చాకిరేవు విభాగానికి. పక్కబట్టలు ఉతకడం, ఆరబెట్టడం, ఇస్త్రీ అంతా అక్కడే. బాయిలర్లో నీళ్ళు తగ్గితే పంపుని తనంతట తానే నడిపించే స్విచ్చి ఒకటుంటుంది. మరీ తగ్గిపోతే మంటని ఆపేసేది కూడా అదే. అది చెడిపోయింది. పొట్టి ఫిట్టరని అందరూ పిలిచే ఒకతను దాన్ని తప్పించి వైరు కలిపి, సంతకం పెట్టి, చెవి మడిచి ఇచ్చాడు. ఇక నీళ్ళు తగ్గినా మంట తనంతట తాను ఆగదు. అప్పట్నుంచీ బాయిలర్ చూసే పెద్దాయన, అందరూ బాబాయ్ అని పిలిచే మనిషి, ముందున్న గాజు గొట్టంలో నీటిమట్టం చూసుకుంటూ చేత్తో నీళ్ళు వదులుతూ అక్కడే కాపలా ఉన్నాడు. ఆయన టీకి వెళ్తే గోడవతల ఇస్త్రీ చేసే చీటీలక్క చెల్లెలు వచ్చి, ఆయన చెప్పినట్టు చక్రాన్ని అరచుట్టు తిప్పి వెళ్ళేది. అక్కాచెల్లెళ్ళిద్దరికీ ఒకే ఆసుపత్రిలో ఉద్యోగం, ఒకే ఇంట్లో కాపురం, ఒకే బస్సులో రాకపోకలు. చెల్లెలి భర్త పోయాక అక్కే తన దగ్గరికి తెచ్చుకుంది.

ఇలా ఉండగా సాఫ్ట్‌వేర్ వచ్చింది.

కొత్త మేనేజరు మంచివాడే. కాగితాల గుట్టలు చూసి నిజంగానే బెంగపడ్డాడు. ఇకనుంచి చీటీలుండవు, అంతా ఫోనులోనే, ఏ యంత్రం ఏ స్థితిలో ఉందో తెర మీద కనబడుతుంది, ఎవరు ఎక్కడికి వెళ్ళాలో అదే చెబుతుంది అన్నాడు. నేర్పించడానికి కంపెనీ నుంచి నలభై దాటిన ఒకాయన వచ్చాడు. విసుక్కోడు, వంద సార్లు అడిగినా వందోసారి కూడా నవ్వుతూనే చెబుతాడు. పాత చీటీలు పదహారు వందల నలభై ఉన్నాయి, వాటిని స్కాన్ చేసి ఎక్కించేస్తే సోమవారం నుంచి మొదలుపెట్టొచ్చన్నాడు.

స్కానరు మాత్రం నానా తిప్పలూ పెట్టింది. పది కాగితాలు మింగి పదకొండోదాని దగ్గర గొంతుకి అడ్డం పడినట్టు ఆగిపోయేది. మూలలు మడిచినవి, నలిగినవి, నూనె మరకలవి దానికి గిట్టలేదు. చీటీలక్క ఒక పూటంతా గోటితో మడతలు విప్పి విప్పి విసిగిపోయింది. చివరికి మెరుపులాంటి ఆలోచన ఒకటి వచ్చింది. కట్టలన్నీ తోపుడుబండి మీద వేసుకుని ఇస్త్రీ గదికి తీసుకెళ్ళింది.

"ఏంటక్కా, ఇప్పుడు కాగితాలకి కూడా ఇస్త్రీనా?" అని చెల్లెలు పకపకా నవ్వింది.

"నవ్వకే. పెళ్ళికెళ్తున్నాయనుకుని చెయ్యి. ఒక్క మడత కూడా ఉండకూడదు."

చెల్లెలికి పని చెబితే చేతులు ఊరుకోవు. రెండు మధ్యాహ్నాలు కూర్చుని పదహారు వందల నలభై చీటీలనూ గట్టిగా అదిమి ఇస్త్రీ చేసింది. స్కానరు వాటిని కిమ్మనకుండా మింగేసింది. కాగితాలు గోతాల్లోకి వెళ్ళాయి.

సోమవారం తెర తెరిస్తే అంతా ఆకుపచ్చ. సంతకం ఉన్న ప్రతిదీ పూర్తయినట్టే కదా మరి. మేనేజరు ఆ తెర ముందు నుంచుని ఫోటో కూడా తీసుకున్నాడు. చీటీలక్క కూడా మురిసిపోయింది. ఇరవై మూడేళ్ళలో మొదటిసారి తన బల్ల మీద చెక్క కనబడింది. పొద్దున్నే నిమరడానికి ఫైళ్ళు లేవు, అందుకని ఆ రోజు ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పాలన్న సంగతే ఆమెకి తట్టలేదు.

మంగళవారం పొద్దున తొమ్మిదీ నలభైకి పొట్టి ఫిట్టరు కొత్త ఫోను పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు. ఏడో అంతస్తులో కుళాయి పని. వాషరు లేక దారం చుట్టి వచ్చాడు.

"అక్కా, 'పూర్తయింది' నొక్కేశాను. మరి దీనికి చెవి ఎక్కడ మడవాలి?" అని ఫోను మూలను వేలితో వంచుతున్నట్టు నటించాడు.

ఆమె నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"ఏంటక్కా అలా చూస్తున్నావ్?"

"ఏం లేదు. నువ్వెళ్ళు."

వాడు ఈల వేసుకుంటూ లిఫ్టు వైపు వెళ్ళిపోయాడు. ఆమె ఖాళీ బల్ల వంక చూసింది. చెవులు. చెవులన్నీ ఏమైపోయాయి? పదహారు వందల నలభైలో ఎన్నిటికున్నాయి? ఏవేవి? ఒక్కటి మాత్రం వెతుక్కోకుండానే గుర్తొచ్చింది. తెర మీద వెతికింది. 'రెండో బాయిలర్: నీటిమట్టం స్విచ్చి: పూర్తయింది.' ఆకుపచ్చ. పక్కనే ఇంకో వరస. 'కాపలా అవసరం లేదు. బాయిలర్ మనిషి: ఈ ఉదయం ఎనిమిది నుంచి వెనక పంపుహౌసులో.'

బాయిలర్ దగ్గర ఎవరూ లేరు. వెలుగుతోంది. గోడవతల తన చెల్లెలుంది.

ఆ క్షణమే లేచి పరిగెత్తాల్సింది. లేచింది కూడా. పది అడుగుల దూరంలో మేనేజరు గది. అద్దాల తలుపు దాకా వెళ్ళింది. లోపల పై ఆఫీసు నుంచి వచ్చిన పెద్దమనుషులు ముగ్గురు, గోడ మీద ఆకుపచ్చ తెర, మేనేజరు ముఖంలో పట్టరాని సంతోషం. తలుపు తోసి ఏమని చెప్పాలి? అయ్యా, ఇరవై మూడేళ్ళుగా మా సంతకాల్లో సగం దొంగవి, ఆ సంగతి నాకు తెలుసు అనా? బాయిలర్ విషయంలో దొంగ సంతకమంటే పొట్టి ఫిట్టరు ఉద్యోగం ఊడటంతో ఆగదు, జైలు ముఖం కూడా చూడొచ్చు. వాడికి ముగ్గురు పిల్లలు. తన సంగతి సరేసరి. తలుపు మీద వేసిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఎవరికీ తెలియకుండా సర్దేద్దామనుకుంది. ఇన్నేళ్ళూ చేసింది అదేగా. కొత్త పని ఒకటి ఎక్కిస్తే, ఆ సాఫ్ట్‌వేరే బాబాయ్‌ని మళ్ళీ బాయిలర్ దగ్గరికి పంపిస్తుంది, కాకి కూడా అడగదు. కుర్చీలో కూర్చుని టైపు చేసింది. 'రెండో బాయిలర్. నీటిమట్టం. అత్యవసరం.' నొక్కింది. 'అత్యవసరం కాబట్టి మేనేజరు అనుమతికి పంపబడింది' అని వచ్చింది. ఆ పెద్దమనుషుల ముందు గోడ మీద ఎర్రగా వెలుగుతుందేమో! గబగబా 'రద్దు' నొక్కేసింది.

ఈసారి 'మామూలు తనిఖీ' అని పెట్టింది. సాఫ్ట్‌వేర్ బుద్ధిగా తీసుకుంది. 'గురువారం మధ్యాహ్నం రెండింటికి' అంది. గురువారమట! ఆమె పళ్ళు కొరికింది. పోనీ బాబాయ్ డ్యూటీనే మార్చేద్దామని ఆ పేజీ తెరిచింది. 'మీకు అధికారం లేదు.' మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే. అరచేతుల్లో చెమటకి మౌసు జారిపోతోంది. ఏమీ కాదులే, బాబాయ్ వెళ్ళేముందు నిండా నీళ్ళు పట్టే ఉంటాడు, స్విచ్చి మార్చేసి ఉంటారు, చెల్లెలు చూసుకుంటుంది, ఏమీ కాదు అని తనకి తానే చెప్పుకుంది.

అప్పటికి గానీ ఫోను చెయ్యాలని తోచలేదు. పంపుహౌసుకి చేసింది. చాలాసేపు మోగాక బాబాయ్ ఎత్తాడు. వెనక పంపుల హోరు.

"బాబాయ్, రెండో బాయిలర్ స్విచ్చి మార్చారా?"

"మార్చారుగా! ఫోనులో పూర్తయిందని చూపించింది. నువ్వు కూడా నిన్నా ఇవాళా ఏం చెప్పలేదు. నువ్వు చెప్పలేదంటే బాగైపోయిందనే కదమ్మాయ్ అర్థం."

"మార్చలేదు బాబాయ్. ఆ వైరే ఉంది."

అవతల బాబాయ్ గొణుగుతూ లెక్క వేసుకున్నాడు.

"ఎనిమిదింటికి నింపి వచ్చాను. ఎనిమిదిన్నరకి ఇస్త్రీలు మొదలవుతాయి. ఆవిరి లాగడం మొదలెట్టాక గంటకి మించి ఆగవు ఆ నీళ్ళు. ఇప్పుడు టైమెంత?"

"తొమ్మిదీ యాభై అయిదు."

"పరిగెత్తు! బయట ఎర్ర బొత్తాం ఉంటుంది, అది కొట్టు. నీళ్ళు మాత్రం వదలొద్దు! ఎండిన దాంట్లో చల్లనీళ్ళు పడితే గోడలు కూడా మిగలవు. విన్నావా? నీళ్ళు వదలొద్దు!"

ఆమెకి యాభై రెండేళ్ళు. మోకాళ్ళ నొప్పులు. మెట్లెక్కడానికి రోజూ పావుగంట సణిగే మనిషి, ఆ రోజు రెండేసి మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. బయట ఎండ ముఖాన కొట్టింది. అంబులెన్సుల వరస దాటింది, మాసిన బట్టల బళ్ళు దాటింది. ఎవరో పలకరించారు. పలకలేదు. దారిలోనే మాడు వాసన తగిలింది. కాలే పెయింటు వాసన, నాలుక మీద చేదుగా. భగవంతుడా, ఒక్క నిమిషం, ఒక్క నిమిషం అనుకుంటూ పరిగెత్తింది. చాకిరేవు కిటికీల్లోంచి ఇస్త్రీ చేసేవాళ్ళ కబుర్లు, నవ్వులు వినబడుతున్నాయి. అందులో చెల్లెలి గొంతు లేదు.

బాయిలర్ గది తలుపు తెరిచి ఉంది. లోపల మంట బుసకొడుతోంది. గాజు గొట్టంలో చుక్క లేదు. దాని పక్కన, నీళ్ళ చక్రం ముందు, చెల్లెలు నుంచుని ఉంది. చక్రం వేడెక్కి చెయ్యి కాలిందేమో, పైట చెంగు చేతికి చుట్టుకుంటోంది. అలికిడికి తలతిప్పి చూసింది.

"వచ్చావా అక్కా! బాబాయ్ ఎటు పోయాడో ఏమో, చుక్క నీళ్ళు లేవు చూడు. వదులుతున్నా." చుట్టిన చెయ్యి చక్రం మీద వేసింది.

"వద్దు!"

ఆ కేక తనదేనని కూడా ఆమెకి తెలియలేదు. ఎర్ర బొత్తాం మీద అరచేత్తో కొట్టింది. మంట ఆగలేదనుకుని మళ్ళీ కొట్టింది. మూడోసారి కొడుతుండగా బుస ఆగిందని వినబడింది. చెల్లెలు బిత్తరపోయి అలాగే నుంచుంది, చెయ్యి ఇంకా చక్రం మీదే. చీటీలక్క ఒక్క ఉదుటున వెళ్ళి ఆమెని నడుము పట్టి వెనక్కి లాగింది. ఇద్దరూ గుమ్మంలో పడ్డారు.

"తిప్పావా? తిప్పావా చెప్పవే!"

"లేదక్కా. కాలుతోందని... గుడ్డ చుట్టుకుంటున్నా."

"బయటికి నడు. అందర్నీ బయటికి పిలువు."

పదకొండు మంది ఆడవాళ్ళు ఆవరణలో దూరంగా గోడ వారన నుంచున్నారు. బాబాయ్ రొప్పుతూ వచ్చి, గుమ్మం దగ్గరినుంచే చూసి, ఎవర్నీ లోపలికి పోనివ్వకుండా అడ్డంగా కూర్చున్నాడు. బాయిలర్ చల్లారేదాకా ఇనుము టిక్కుటిక్కుమంటూనే ఉంది. ఒక్కో టిక్కుకీ చీటీలక్క ఉలిక్కిపడింది. చెల్లెలు ఆమె చెయ్యి వదల్లేదు. "నువ్వు రాకపోయుంటే అక్కా..." అంటుంది, ఆపేస్తుంది, మళ్ళీ అదే అంటుంది. అలా అన్నప్పుడల్లా చీటీలక్క ముఖం తిప్పుకునేది.

మధ్యాహ్నం రెండింటికి మేనేజరు గదిలో విచారణ. మేనేజరు, నేర్పించే ఆయన, పొట్టి ఫిట్టరు, బాబాయ్, చూసిన మనిషి కాబట్టి చెల్లెలు. పొట్టి ఫిట్టరు ముఖంలో నెత్తుటి చుక్క లేదు. చీటీలక్క లేచి నుంచుని అంతా చెప్పేసింది. మూడు రోజుల నియమం, అతుకులు, చెవులు, ఇస్త్రీ. వాడు సంతకం పెట్టాడు గానీ చెవి కూడా మడిచాడు, ఆ చెవిని విప్పింది నేనే అంది. చెప్పాక ఒళ్ళు తేలికపడింది. ఇంక దాచడానికేమీ లేదనుకుంది.

మేనేజరు తల పట్టుకున్నాడు. "నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా అమ్మా" అన్నాడు. కోపంగా అనలేదు. అంతలో నేర్పించే ఆయన, పాపం తన సాఫ్ట్‌వేర్‌కి చెడ్డపేరు రాకూడదని, ల్యాప్‌టాప్ ఇటు తిప్పాడు.

"ఒక్క మాట సార్. మేడమ్ మా సిస్టమ్‌లో చెప్పే ప్రయత్నం చేశారు. అన్నీ రికార్డు అవుతాయి. చూడండి. తొమ్మిదీ నలభై నాలుగు, రెండో బాయిలర్, అత్యవసరం. తొమ్మిదీ నలభై అయిదు, రద్దు. నలభై ఏడు, మామూలు తనిఖీ. నలభై తొమ్మిది, డ్యూటీ మార్పు, అధికారం లేదు. యాభై రెండు, మళ్ళీ అదే." మెచ్చుకుంటున్నట్టే చదివాడు. కడుపులో దురుద్దేశమేమీ లేదాయనకి.

కాగితమైతే ఇవేవీ చెప్పేది కాదు. తీసి చింపేసిన చీటీని ఎవరడుగుతారు!

చెల్లెలు తెర వంక చూసింది. మెల్లగా, లెక్క సరిచూసుకుంటున్నట్టు అడిగింది.

"అంటే నలభై నాలుక్కే నీకు తెలుసా అక్కా?"

చీటీలక్క తలెత్తలేకపోయింది. "నలభైకే తెలుసు."

"నీ కుర్చీ నుంచి బాయిలర్ దగ్గరికి నాలుగు నిమిషాల నడక."

"అవును."

"నలభై అయిదున రద్దు ఎందుకు చేశావ్?"

జవాబు నోటిదాకా వచ్చింది. భయమేసింది అని. ఎవరికి ఏమవుతుందని భయమేసిందో కూడా చెప్పాల్సి వస్తుందని నోరు మూసుకుంది. చెల్లెలు కాలిన అరచేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటూ కూర్చుంది. మళ్ళీ ఏమీ అడగలేదు.

ఉద్యోగాల సంగతి పై ఆఫీసు తేలుస్తుందన్నారు. మేనేజరు అప్పటికప్పుడు సాఫ్ట్‌వేర్‌లో 'సామాను కోసం ఆగింది' అనే గడి పెట్టించి, మూడు రోజుల నియమం తీసేశాడు. చీటీల గోతాలు ఇంకా చెత్తబండి ఎక్కలేదు, అదొక్కటే అదృష్టం. సాయంత్రం దాకా ఫిట్టర్లందరూ ఆవరణలో కూర్చుని ఒక్కో చీటీనీ ఎండకి ఏటవాలుగా పట్టి చూశారు. ఎంత ఇస్త్రీ చేసినా మడత గీత సన్నగా ఉండనే ఉంది. నలభై మూడు దొరికాయి. పిల్లల వార్డు ఆక్సిజన్ గొట్టం కీలు ఒకటి, రెండో లిఫ్టు బ్రేకు ఒకటి. దొరికిన ప్రతిదాన్నీ చీటీలక్క విడిగా పేర్చింది. అసలు నలభై మూడేనా, ఇంకా ఉన్నాయా అని గోతాలు మళ్ళీ మొదటినుంచి తిరగేసింది.

బస్సులో ఇద్దరూ రోజూ కూర్చునే సీటు ఖాళీగానే ఉంది. చెల్లెలు ముందుకెళ్ళి ఎవరో పరాయి మనిషి పక్కన కూర్చుంది. ఇంట్లో వంట చేసింది, వడ్డించింది, ఉప్పు సరిపోయిందా అని కూడా అడిగింది. అడిగింది గానీ ముఖం చూడలేదు. చీటీలక్కకి ముద్ద దిగలేదు. ఆ బాయిలర్ పేలి ఉంటే ఏమయ్యేదన్న భయం ఒక ఎత్తు. పేలకపోయినా ఈ మనిషి తనకి లేకుండా పోతుందేమోనన్న భయం ఇంకో ఎత్తు. రెండోదాన్ని ఆపడానికి ఎర్ర బొత్తాం ఎక్కడుందో ఆమెకి తెలియలేదు.

పొద్దున నిద్రలేచేసరికి చెల్లెలు ముందు బస్సుకే వెళ్ళిపోయింది.

ఆఫీసులో బల్ల శుభ్రంగా ఉంది. కంప్యూటరు ముందు పసుపుపచ్చ కాగితం ఒకటి బోర్లా పెట్టి ఉంది. మిగిలిపోయిన ఖాళీ చీటీల పుస్తకంలోది. తిప్పి చూసింది. చెల్లెలి దస్తూరీ. కుడిచేతికి కట్టు ఉంది కాబట్టి ఎడమచేత్తో రాసినట్టుంది, అక్షరాలు చిన్నపిల్లల రాతలా వంకరటింకరగా ఉన్నాయి.

'యంత్రం' అన్నచోట ఏమీ రాయలేదు. 'పని' అన్నచోట 'నిన్నటి సంగతి' అని ఉంది. 'స్థితి' అన్నచోట 'పూర్తయింది. నాకేం కోపం లేదు అక్కా' అని ఉంది. కింద సంతకం.

చదవగానే ఆమెకి కళ్ళనీళ్ళు తిరిగాయి. అమ్మయ్య అనుకోబోయింది. అంతలో బొటనవేలికి ఏదో తగిలింది. కాగితం కుడివైపు పై మూల, చిటికెన వేలి గోరంత, జాగ్రత్తగా మడిచి ఉంది.

ఇరవై మూడేళ్ళు వేలితో నిమిరి నిమిరి చదివిన భాష అది. తప్పు చదవడానికి వీల్లేదు. నా సంతకం నమ్మకు. ఇది అతుకు మాత్రమే. మళ్ళీ వచ్చి చూడాలి.

ఆమె ఆ మూలని సాపు చెయ్యలేదు. చీటీని అలాగే జేబురుమాలులో పెట్టుకుని, కంప్యూటరు తెరవకుండానే లేచి, ఇస్త్రీ గది వైపు నడిచింది.